డాబా మీద కోతి, గుట్ట మీద పిట్ట

నాకు కోతులంటే అసహ్యం. ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఇది చదివేవాళ్ళలో ఎవరో ఒకరు చివరికి నా మనసు కరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటారు. కరగదు. ఈ ఉదయం కూడా ఒకదాని మీదికి పాత చెప్పు విసిరి, రెండో చెప్పు చేతికందేలా పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మా ఇల్లు మెదక్‌లో ఖిల్లా గుట్టకు వెనకవైపు గల్లీలో చివరిది. పెరటి గోడ దాటితే ఇక బండలే. బండల సందుల్లో సీతాఫలం చెట్లు, తుప్పలు, ముళ్ళకంప. మా ఆయన పోయాక నాకు మిగిలినవి ఆ ఇల్లు, ఇంటి మీది డాబా, ఆయన అక్క. వీటిలో ఇల్లు, డాబా అంటే నాకు మొదటినుంచీ ఇష్టమే.

డాబా అంటే మాకు అన్నం. ఎండలు ముదిరినప్పటి నుంచి తొలకరి పడేదాకా అక్కడ నేను వడియాలు పెడతాను, పాపడాలు ఆరేస్తాను, చల్ల మిరపకాయలు ఎండబెడతాను. చల్ల మిరపకాయ తినేవాళ్ళకు పప్పన్నంలో నంజుకునే ఒక్క ముక్క. నాకు అది రోజుల తరబడి చాకిరీ. కాయలు చీల్చాలి, ఉప్పేసిన పులిసిన చల్లలో నానెయ్యాలి, పొద్దున తీసి ఎండలో పరచాలి, సాయంత్రం మళ్ళీ అదే చల్లలో వెయ్యాలి. చల్లంతా కాయ తాగేదాకా ఇదే పని. పెళ్ళిళ్ళవాళ్ళు, టిఫిన్ సెంటర్లవాళ్ళు ఇంటికొచ్చి పట్టుకుపోతారు. ఎండాకాలం డాబా నా చేతిలో ఉంటే ఏడాదంతా మా పొయ్యి వెలుగుతుంది. లేదంటే ఎవరి ముందో చెయ్యి చాపాలి. ఆ పని మాత్రం బతుకులో ఎన్నడూ చెయ్యనని అనుకునేదాన్ని.

ఆ డాబా కోసం నాకూ కోతులకూ పాత పోరు. గుట్ట మీద ఒక గుంపు ఉండేది. మా దిక్కు కోతులే. పొడుగు తోక, పాలిపోయిన ముఖం, నడినెత్తి నుంచి చుట్టూ టోపీ పెట్టినట్టు పరుచుకున్న వెంట్రుకలు. చూడ్డానికి ఆఫీసులో గుమస్తాల్లా బుద్ధిమంతుల్లా ఉండేవి. చేసేవి మాత్రం దొంగ పనులు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, వాటికి భయం ఉండేది. నా దగ్గర పిట్టలు కొట్టే గులేరు ఒకటి ఉంది. దాని రబ్బరు ఎప్పుడో తెగిపోయింది. ఆ ఉత్త గులేరునే ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి గురి చూసినట్టు నిలబడితే చాలు, గుంపంతా గోడ దూకేది. నీళ్ళ ట్యాంకు దాటి ఇవతలికి వస్తే గులేరు లేస్తుందని వాటికి తెలుసు. ట్యాంకు అవతలి మూల వాటిది, మిగతా డాబా నాది. నేను కిందికి దిగినప్పుడు ఎప్పుడైనా హద్దు దాటి దోసెడు మిరపకాయలు ఎత్తుకుపోయేవి. ఆ రోజు గల్లీ అంతా వినేలా వాటి వంశాన్ని తిట్టేదాన్ని.

ట్యాంకు మూల వాటికి రాసిచ్చింది నేను కాదు, మా వదిన. మా ఆయన అక్క అన్నానే, ఆమె. ఆమెకు అంజన్న భక్తి. శనివారం పొద్దున్నే తలస్నానం చేసి, తాంబాళంలో పల్లీలు, అరటిపండ్లు పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కేది. ట్యాంకు పక్కన కూర్చుని "దా బిడ్డా, దా" అని పిలిచేది. గుట్ట మీద ఎక్కడున్నా ఆ గొంతు వినగానే దిగి వచ్చేవి. అన్నిటికంటే ముందు చెవి చీలిన ముసలి ఆడకోతి ఒకటి వచ్చేది. వదిన చేతిలోంచే పండు తీసుకుని దవడలో కుక్కుకునేది. ఆ తర్వాత ఆమె పక్కనే కూర్చుని, తెల్ల వెంట్రుకలు పాయలు పాయలుగా విడదీసి పేలు వెతికేది. వదినకు పిల్లలు లేరు. ఆ కోతిని 'పిల్ల' అనేది. నన్ను కూడా పిల్లా అనే పిలుస్తుంది. మా ఇద్దరిలో ఎవరిని పిలుస్తోందో గొంతులోని ముద్దును బట్టి తెలిసిపోయేది.

ఈ విషయం మీద మేము పోట్లాడుకోని శనివారం లేదు. నేను ఒక దిక్కు నుంచి తరుముతుంటే నువ్వు ఇంకో దిక్కు నుంచి పిలిచి మేపుతావా, ఈ ఇంట్లో నువ్వు తినే అన్నం ఎక్కడినుంచి వస్తోందో తెలుసా అని అరిచేదాన్ని. ఆమె పెదాలు కదుపుతూ జపం చేసుకునేది. జపం చేసేవాళ్ళతో పోట్లాడటమంత చికాకు ఇంకోటి లేదు.

డాబా మీద ఒక చిన్న గది ఉంది. కాలేజీలో జువాలజీ చెప్పే ఒక సారుకు దాన్ని కిరాయికిచ్చాను. పెళ్ళి కాలేదు, మాట మెత్తన, కిరాయి కోసం అడిగించుకోడు. ఆయనకున్న రోగం పిట్టలు. పొద్దున్నే మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని గుట్ట ఎక్కేవాడు. ఒకరోజు పరుగున దిగి వచ్చి, ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. పసుపు గొంతు పిగిలిపిట్ట అట. ఇళ్ళ చుట్టూ తిరిగే పిగిలిపిట్టకు నెత్తిమీద నల్లటి జుట్టు, తోక కింద ఎరుపు ఉంటాయి. దీనికి జుట్టు లేదు, ఎరుపూ లేదు. ఒళ్ళంతా మసకబారిన ఆకుపచ్చ, గొంతు కింద, తోక కింద పసుపు. వంటింట్లో పసుపు డబ్బాలో మూతి పెట్టి వచ్చినట్టుంది. దక్షిణాదిన ఇలాంటి బండల గుట్టల్లో తప్ప ఇంకెక్కడా బతకదనీ, గుట్టలు పగలగొట్టిన చోటల్లా మాయమైపోతోందనీ సారు చెప్పాడు. మన పెరటి గోడ వెనకే ఒక జంట ఉంది అన్నాడు, తన ఇంట్లో పెళ్ళి కుదిరినంత సంతోషంగా.

ఆ తర్వాత ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి మనుషులు రావడం మొదలైంది. ఒక్కొక్కరి చేతిలో మూరెడు పొడుగు కెమెరా. బండల మీద బోర్లా పడుకునేవాళ్ళు. దగ్గొస్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు. పిట్ట గొంతు విప్పితే ఒకరి భుజం ఒకరు పట్టుకునేవాళ్ళు. ఆ పాట నేను ఏళ్ళ తరబడి విన్నదే. సీసాలో సగం నీళ్ళు పోసి గిలకొట్టినట్టుంటుంది. తెల్లారకముందే మొదలుపెట్టి నిద్ర చెడగొట్టేది ఎవరో అప్పుడే తెలిసింది నాకు. అదే మనుషులు డాబా మీదికి చాయ్ తాగడానికి వచ్చినప్పుడు కోతి కనిపిస్తే "హేయ్, హేయ్" అని అరుస్తూ సంచులు సర్దుకునేవాళ్ళు.

ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక, కప్పులు కడుగుతూ సారును ఎగతాళి చేశాను, పిట్ట పోతుందని ఏడ్చేవాళ్ళు కోతులు పోయే దారి కూడా ఏదైనా చెప్పొచ్చు కదా అని. సారు తన కప్పు కింద పెట్టాడు.

"అక్కా, మీకు కోపమొస్తదేమో. పిట్ట ఏ వరుసల ఉన్నదో మన కోతి గూడ గదే వరుసల ఉన్నది. రెండూ ముప్పుల ఉన్నయే."

"ఎవలు జెప్పిండ్రు సార్? గాళ్ళను ఒక్కపారి మిరపకాయలు ఎండవెట్టుమనుండ్రి."

ఆయన ఓపికగా చెప్పాడు. ఈ టోపీ కోతి మన దక్షిణాదిలోనే ఉంటుందట. ఉత్తరం నుంచి ఎర్ర ముఖం కోతులు దిగి వస్తున్నాయట, అవి అడుగుపెట్టిన చోట ఇవి వెనక్కి తగ్గుతున్నాయట. రోడ్లు వెడల్పు చేస్తూ చెట్లు కొట్టేస్తే ఇళ్ళ మీద పడుతున్నాయి, ఇళ్ళ మీద పడ్డాయని జనం పట్టించి ఎక్కడో పారేస్తున్నారు, పారేసినవి బతుకుతున్నాయో లేదో చూసినవాడు లేడు. నేను విన్నాను. నమ్మలేదు. రోజూ నా నెత్తినెక్కి తొక్కేది తక్కువైపోతోందంటే ఎలా నమ్మడం?

కానీ ఆ మాట బుర్రలో దూరింది. వడియాల పిండి కలుపుతూ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. పిట్ట మనకు ఏమీ చెయ్యదు. అడవి పండ్లు తింటుంది, దూరంగా కూర్చుంటుంది, కళ్ళద్దాలు పెట్టుకుంటే గాని కనిపించదు. దాని మీద జాలి పడటానికి ఖర్చేముంది? కోతి అలా కాదు. ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. ట్యాంకు మూత తీస్తుంది, గొళ్ళెం తీస్తుంది, డబ్బా మూత తిప్పి తీస్తుంది. దాని చెయ్యి అచ్చం నా చెయ్యి. గోళ్ళు కూడా అవే. దాని ప్రాణానికి ఆ చేతులే శత్రువులు. పిట్టకు కూడా చేతులుండి నా మిరపకాయలు ఎత్తుకుపోయి ఉంటే సారు బైనాక్యులర్ పట్టేవాడేమో గాని, నేను గులేరుకు కొత్త రబ్బరు వేయించేదాన్ని.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా వార్డులో ఒక లీడరు ఉన్నాడు. నిజాంపేట దిక్కు భూములున్న కుటుంబం. పొలం కౌలుకిచ్చి, ఇక్కడ గుట్ట కింద ప్లాట్లు చేసి అమ్ముతుంటాడు. రోడ్డు వేయిస్తానంటే నమ్మరని తెలుసు కాబట్టి, కోతులు లేని వార్డు చేస్తానన్నాడు. ఇంటింటికీ తిరిగి తలా కొంత వెయ్యమన్నాడు, పట్టేవాళ్ళను తాను పిలిపిస్తానన్నాడు. గల్లీలో మొదట ఇచ్చింది నేనే. ఇప్పటికీ అది తప్పని నేను అనను.

సారు కూడా ఇచ్చాడు. రెండు రోజులు తటపటాయించాడు పాపం. పోయిన ఏడు ఆ పిట్ట బండ సందులో పెట్టుకున్న గూట్లో గుడ్లు మాయమయ్యాయి. కోతులే తీశాయని ఆయన అనుమానం. నా ముఖం చూడకుండా, "అవి పోతే ఈసారన్న గూడు నిలవడతదేమో అక్కా" అన్నాడు. రెండూ ఒకే వరుసలో ఉన్నాయని నాకు పాఠం చెప్పిన నోరే అది. అప్పుడు నేను ఎగతాళి చెయ్యలేదు. నాకు కావలసింది కూడా అదే కాబట్టి ఊరుకున్నాను.

పట్టేవాళ్ళు వచ్చి డాబా మీద ట్యాంకు మూలలో పెద్ద ఇనుప బోను పెట్టారు. తలుపు తాడుతో ఎత్తి కట్టి, లోపల పల్లీలు చల్లి వదిలేశారు. కోతులకు అలవాటు కావాలట. అదేమిటని వదిన అడిగితే పాపడాలు ఆరేసే స్టాండు అన్నాను. వదిన తలూపింది. శనివారం వచ్చింది. ఎప్పటిలాగే స్నానం చేసి, తాంబాళం పట్టుకుని పైకెక్కింది. పట్టేవాళ్ళు సారు గదిలో దాక్కుని తాడు పట్టుకుని ఉన్నారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్తే పిలిచేది కాదు.

"దా బిడ్డా, దా" అంది.

గుంపంతా దిగి వచ్చింది. చెవి చీలిన పిల్ల ముందు నడిచింది. లోపల చల్లిన పల్లీలు చూసి అది బోనులోకి పోయింది, దాని వెనక మిగతావి పోయాయి. తాడు వదిలారు. ఆ అరుపులకు గుట్ట మీది కాకులన్నీ లేచాయి.

ఆ తర్వాత జరిగింది మా గల్లీవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. లీడరు కొబ్బరికాయ పట్టుకుని డాబా ఎక్కాడు. కోతి అంటే అంజన్న కదా, పాపం తగలకూడదు. బోనుకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు, అగరొత్తులు గుచ్చారు. నిన్నటిదాకా రోకళ్ళు పట్టుకుని తరిమిన ఆడవాళ్ళంతా వరసగా వచ్చి తండ్రీ, తప్పు పట్టకు అని లెంపలు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను. లోపల అవి ఒకదాన్నొకటి కావలించుకుని వణుకుతున్నాయి. లీడరు బోను పక్కన నిలబడి ఫోటోలు దిగాడు.

వదిన జనాన్ని తోసుకుంటూ వచ్చి, చేతిలో మిగిలిన అరటిపండు ఊచల సందులోంచి పిల్లకు ఇచ్చింది. అది తీసుకుని దవడలో పెట్టుకుంది. వదిన నా వైపు తిరిగింది.

"నా గొంతు నమ్మి వచ్చింది గది" అంది.

అంతే. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. వాటిని పోచారం అడవిలో వదులుతామని చెప్పి ట్రాలీలో ఎక్కించుకుపోయారు.

తర్వాతి వారాలు నా జీవితంలోకెల్లా సుఖమైనవి. మిరపకాయలు పరిచి కిందికి దిగి కునుకు తీసేదాన్ని. సగ్గుబియ్యం వడియాలు ముత్యాల్లా ఆరేవి. పెద్ద పెద్ద ఆర్డర్లు ఒప్పుకున్నాను. పిట్ట జంట గూటికి చోటు వెతుక్కుంటోందని సారు గుసగుసగా చెప్పేవాడు, పిట్టకు వినబడుతుందేమో అన్నట్టు. వదిన మాత్రం శనివారం శనివారం డాబా ఎక్కి, ట్యాంకు పక్కన కాసేపు ఊరికే కూర్చుని దిగిపోయేది. తాంబాళం తీసుకెళ్ళేది కాదు.

ఉగాది పోయిన కొన్నాళ్ళకు సారు చెప్పిన ఆ ఎర్రమూతులు వచ్చాయి. ఏ ఊరివాళ్ళో వాళ్ళ కోతుల్ని లారీలో తెచ్చి బైపాస్ దగ్గర దింపిపోయారని చెప్పుకున్నారు. వాళ్ళు కూడా కొబ్బరికాయ కొట్టే పంపి ఉంటారు. పొట్టి తోక, ఎర్ర ముఖం, ఎర్ర ముడ్డి, పహిల్వాన్ల భుజాలు. మా గుంపు ఉంటే గుట్ట అంత తేలిగ్గా వదిలేది కాదేమో అక్కా అన్నాడు సారు. ఖాళీగా ఉంది, దిగబడ్డాయి.

మొదటిసారి వచ్చినప్పుడు నేను గులేరు ఎత్తి, కన్ను మూసి నిలబడ్డాను. వాటిలో పెద్దది నన్ను ఎగాదిగా చూసింది. ఆవలించింది, కోరలు కనబడ్డాయి. నింపాదిగా నడుచుకుంటూ వచ్చి నా చేతిలోంచి గులేరు లాక్కుంది. అటూ ఇటూ తిప్పి చూసి, కొరికి, పక్కన పారేసింది. తర్వాత వెళ్ళి చల్ల మిరపకాయల గంగాళంలో కూర్చుంది. అక్కడ కూర్చుని నా వైపు చూస్తూ ఒక్కొక్కటే తీసి విసిరేసింది. తినను కూడా లేదు. నా చాకిరీ అంతా మోరీలో పోసినట్టయింది.

టపాకాయలు పేల్చాను, కర్ర పట్టాను, కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ కట్టాను. ఫ్లెక్సీ చింపి చాపలా పరుచుకుని పడుకున్నాయి. ఒప్పుకున్న ఆర్డర్లు ఒక్కటీ ఇవ్వలేకపోయాను. పెళ్ళివాళ్ళు ముఖం మీదే తిట్టి రామాయంపేటలో కొనుక్కున్నారు. ఒకసారి పోయిన గిరాకీ మళ్ళీ మన గుమ్మం వెతుక్కుంటూ రాదు. పట్టేవాళ్ళను మళ్ళీ పిలిపించమని లీడరు దగ్గరికి పోయాను. అప్పటికి గెలిచాడు. ఇవి కరిచే రకం, వాళ్ళు రామంటున్నారు, చూద్దాం అక్కా అన్నాడు. నేను బతుకులో చెయ్యనన్న పని ఆ రోజు ఆయన గుమ్మంలో నిలబడి చేశాను. చాపిన చేతిలో ఏమీ పడలేదు.

ఇంతలో వదిన ఇంకో పని చేసింది. ఒక శనివారం మళ్ళీ తాంబాళం తీసుకుని ఎక్కింది. ఎర్రమూతులకు కూడా "దా బిడ్డా" అంది. అవి వచ్చాయి. తాంబాళం ఒకటి లాక్కుంది, ఇంకోటి ఆమె ముంజేతి కండ పట్టుకుని కొరికింది. కొంగు చుట్టి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. దారి పొడుగునా తిట్టాను. చాదస్తమనీ, చావు నెత్తి మీదికి తెచ్చుకుంటావనీ, నా ప్రాణం తీయడానికే ఉన్నావనీ. సూది వేయించుకునేదాకా ఊరుకుని, నెలల తర్వాత నాతో మొదటి మాట మాట్లాడింది.

"పిల్ల ఉంటె గివాటిని రానిచ్చునా?"

  ఇంటికి వచ్చేదాకా ఆటోవాడిని తిట్టాను.

మర్నాడు పొద్దున పొయ్యి గట్టు మీద ఆమె మెడలోని బంగారు గుండ్లు కనబడ్డాయి. మా అత్త ఆమెకు పెట్టినవి. ఎందుకని అడిగాను. డాబా చుట్టూ జాలీ కొట్టించుకో అంది. అవి అమ్మి, నా వైపు డాబాకు నాలుగు పక్కలా, పైనా ఇనుప జాలీ కొట్టించాను. తలుపు లోపలినుంచి గొళ్ళెం. అప్పటినుంచి నేను జాలీలో కూర్చుని మిరపకాయలు చీలుస్తుంటే ఎర్రమూతులు బయట కూర్చుని నన్ను చూస్తుంటాయి. బోనులో ఉన్నది ఎవరో చూసేవాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

తొలకరి జల్లు పడిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ట్యాంకు మీద ఒక కోతి కూర్చుని ఉంది. పొడుగు తోక. నెత్తిమీద టోపీ. చీలిన చెవి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పోచారం నుంచి ఎన్నాళ్ళు నడిచిందో, మిగతావి ఏమయ్యాయో. నేను లోపల పాపడాలు ఒత్తుతున్నాను. నన్ను చూసి, అలవాటు చొప్పున, హద్దు అవతలికి జరిగింది.

వదిన ఎలా తెలుసుకుందో, మెట్ల మీదినుంచే "దా పిల్లా, దా" అంది. ఆ గొంతులోని ముద్దు వినగానే నాకు అర్థమైంది, పిలిచింది నన్ను కాదని. పిల్ల కిందికి దూకి ఆమె వైపు రెండడుగులు వేసింది. ఆ పిలుపుకు గుట్ట మీదినుంచి ఎర్రమూతులు కూడా దిగాయి. ఆ గొంతు వెంట పండ్లుంటాయని వాటికీ ఒక్కసారికే తెలిసిపోయింది. నేను గొళ్ళెం తీసి కర్ర పట్టుకుని బయట పడ్డాను. పిల్ల మీద ప్రేమతో కాదు, వాటి మీద కసితో. వాటిలో రెండింటికి దెబ్బలు తగిలాయి. అప్పటికే మూడు నాలుగు దాన్ని పిట్టగోడ మీదికి తరిమి మీద పడ్డాయి. అది కింద సిమెంటు రోడ్డు మీద పడింది. మళ్ళీ లేవలేదు.

గల్లీ అంతా పోగైంది. అంజన్న పోయిండన్నారు. దాన్ని పట్టించి పంపడానికి డబ్బులిచ్చినవాళ్ళే పాడె కట్టారు. డప్పులవాళ్ళను పిలిపించారు. కాషాయ గుడ్డ కప్పారు, గులాల్ చల్లారు. లీడరు చెప్పుల్లేకుండా ముందు నడిచాడు. ఖర్చుకు తలా కొంత వెయ్యమని నా దగ్గరికి వచ్చారు.

"దీన్ని పంపుటానికి ఒకపారి ఇచ్చిన. మల్ల ఇయ్య" అన్నాను.

గల్లీ మలుపులో, లీడరు ప్లాట్ల గేటు పక్కనే గుంట తవ్వారు. దించబోతుండగా సారు వచ్చాడు. చేతిలో రుమాలు మూట. ఆ రోజే ఎర్రమూతులు బండ సందులో గూడు పీకేశాయి. రుమాల్లో ప్రాణం లేని పిట్ట పిల్ల ఉంది. ఇంకా ఈకలు సరిగా రాలేదు. మూసిన కళ్ళు, చిన్న పసుపు మూతి. తలవంచుకుని, ఎవరినీ చూడకుండా, దీన్ని కూడా ఇందులోనే పెట్టొచ్చా అని అడిగాడు.

లీడరు నవ్వాడు. "పిట్టకు గూడ డప్పులు గొట్టియ్యాల్నా సార్?" అన్నాడు. జనం కూడా నవ్వారు. కోతి పోయిందని కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళు కూడా అదే కొంగుతో నోరు మూసుకుని నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సారు చేతిలోంచి రుమాలు లాక్కుని, డప్పులవాళ్ళను తోసుకుని, గుంట పక్కన కూర్చున్నాను. కాషాయ గుడ్డ ఎత్తి, ఆ పిట్ట పిల్లను కోతి చేతి పక్కన పెట్టాను. అదే చెయ్యి, నా మిరపకాయలు దోసిళ్ళతో ఎత్తుకుపోయింది. గుడ్డ కప్పేసి మట్టి పొయ్యమన్నాను. 

దినం రోజున గల్లీ అంతటికీ భోజనాలు పెట్టారు. ఆ తర్వాత అక్కడ చిన్న గుడి లేచింది. గుడి అడ్డం ఉంది కాబట్టి లీడరు తన ప్లాట్లలో కలుపుకున్న సర్కారు జాగా గురించి ఇక ఎవరూ అడగరు. బొమ్మ పెట్టిన శనివారం వదిన రానంది. నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఎందుకు తీసుకుపోయానో అడగొద్దు. కొబ్బరికాయ కూడా నేనే కొనుక్కుని పోయాను, బతుకులో మొదటిసారి ఒక కోతి పేరు మీద.

మైకులో పాటలు మోగుతున్నాయి. పూజారి ముసుగు తీశాడు. సిమెంటుతో చేసిన కోతి, చేతులు జోడించి కూర్చుంది. రంగులేసినవాడు రోజూ కళ్ళ ముందు తిరిగేవాటిని చూసే వేసి ఉంటాడు. పొట్టి తోక. పహిల్వాను భుజాలు. ముఖానికి నిండుగా ఎర్ర రంగు. నేను సారు వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. వదిన దగ్గరగా వెళ్ళి, మానిన గాటున్న చేత్తో ఆ ముఖం తడిమింది.

"గిది పిల్ల గాదు" అంది. "దాన్ని సంపిన మొఖం."

మైకు మోతలో అది నాకొక్కదానికే వినబడింది. అప్పటికే నేను కొబ్బరికాయ కొట్టేశాను. గుడి మీదినుంచి ఒక ఎర్రమూతి నింపాదిగా దిగింది. బొమ్మ పక్కన కూర్చుని, చెయ్యి చాపి, నా చేతిలోని చిప్ప లాక్కుంది. అంజన్నే వచ్చి తీసుకున్నాడని జనమంతా దండం పెట్టారు.